ఉప్పునీళ్లలో వచ్చిన ముక్క

ఆత్మకూరు బస్టాండుకు దగ్గర్లో ఉన్న ఒక పాథాలజీ ల్యాబులో ముప్పై ఏళ్లకు పైగా మనుషుల మాంసం కోశాను. మా అమ్మ ఈ మాట ఎవరికీ చెప్పనిచ్చేది కాదు. అడిగినవాళ్లకు "మా రూతు ఆస్పత్రిలో మంచి ఉద్యోగం జేస్తాది" అని చెప్పి మాట మార్చేది. పని మాత్రం కోయడమే. సర్జన్ గడ్డలోంచి తీసిన ముక్క మా దగ్గరికి వస్తుంది. అందులోని నీరంతా లాగేసి, కరిగించిన మైనంలో పెట్టి దిమ్మ చేసి, ఉల్లిపొర కంటే పలచగా కోసి, గాజుపలక మీద పరిచి, రంగు వేసి డాక్టరు గారి మైక్రోస్కోపు కింద పెట్టాలి. అది కేన్సరో కాదో ఆయన చెబుతారు. పేరు ఆయనకు వస్తుంది, చేతులకు పట్టిన ఫార్మలిన్ వాసన, అదే ముక్క చెడకుండా పోసే మందునీళ్ల వాసన, మనకు మిగులుతుంది. పెళ్లి భోజనాల్లో నా పక్కన కూర్చోవడానికి బంధువులు కొంచెం ఆలోచించేవాళ్లు.

ఈమధ్య మా బంధువుల పిల్లలు ఇద్దరు ఇదే పని నేర్పే ల్యాబు కోర్సులో చేరారు. "అత్తా, మాకు ఏదన్నా చెప్పు" అని అడిగారు. పుస్తకాల్లో ఉన్నది వాళ్లు ఎటూ చదువుకుంటారు. లేనిది ఒకటుంది, అది నేను చేసిన తప్పు. దాన్ని ఏడాదిన్నర పాటు జోకుగా చెప్పుకుని తిరిగాను. ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నా పేరు తప్ప మిగతా పేర్లు మార్చాను.

బస్సులో సైన్సు

కేన్సర్ ఒక జబ్బు కాదని మీకు మొదటి ఏడే చెబుతారు. నిజమే. రొమ్ము కేన్సర్లోనే ఎన్నో రకాలు. కొందరిలో కేన్సర్ కణం పైపొర మీద ఒక ప్రొటీన్ అతిగా పెరిగి ఉంటుంది. అలాంటివాళ్లకు సరిగ్గా ఆ ప్రొటీన్‌నే వెతుక్కుని పట్టుకునే మందు ఉంది. ఇంకా పెద్ద పెద్ద ఊళ్లలో, రోగి రక్తంలోంచి తెల్లకణాలు తీసి, కేన్సర్‌ను గుర్తుపట్టడం వాటికి నేర్పి, మళ్లీ ఒంట్లోకి ఎక్కించే వైద్యం కూడా వచ్చింది. ఇవన్నీ వింటుంటే ఈ వయసులో కూడా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అయితే ఎవరికి ఏ మందు అన్నది తేలేది చింతగింజంత ముక్క దగ్గర. మా రోజుల్లో ఆ ముక్క ఉదయగిరి నుంచో, వరికుంటపాడు నుంచో, సీతారామపురం నుంచో ఎవరో ఒకరి ఒళ్లో కూర్చుని ఆర్టీసీ బస్సులో వచ్చేది. టానిక్ సీసాలో, పచ్చడి సీసాలో, ఒకసారి పిల్లల నీళ్ల బాటిల్లో కూడా వచ్చింది. కొరియరులో పంపండి అంటే ఒప్పుకునేవాళ్లు కాదు. "మా ఇంటి మనిషి మాంసం ఎవరి చేతికో ఎట్ట ఇస్తామమ్మా?" అనేవాళ్లు. మోసుకొచ్చేది ఎప్పుడూ మొగుడో, కొడుకో, అన్నదమ్ముడో. రిపోర్టు తీసుకునేటప్పుడు మాత్రం "ఆ మాట తెలుగులో జెప్పొద్దమ్మా, మా ఆడమనిషి బయట కూర్చోనుండాది" అని బతిమాలేవాళ్లు. ఇంగ్లీషులో చెబితే కేన్సర్ కొంచెం తగ్గుతుందని వాళ్ల నమ్మకం. ఆ బయట కూర్చున్న ఆడమనిషికి సంగతి అప్పటికే తెలిసి ఉండేదని నా అనుభవం.

పెద్ద డాక్టరు గారు

ల్యాబు పెద్ద డాక్టరు గారిది. ఆయన కన్ను చాలా గొప్పది. ఇంకొకళ్లు అరగంట చూసినా తేల్చలేనిది ఆయన కాఫీ కప్పు కింద పెట్టేలోపు తేల్చేవారు. కానీ ఆయనకు రెండు పట్టింపులు. రిపోర్టు ఒక పేజీ దాటకూడదు. అందులో ఎక్కడా అనుమానం కనపడకూడదు. "మనం అనుమానం రాస్తే సర్జన్ మనల్నే అనుమానిస్తాడు రూతమ్మా" అనేవారు. ముక్క బాగాలేదనో, సరిగ్గా రాలేదనో మేము రాయబోతే కొట్టేసేవారు. ఇందులో ఆయన్ను సమర్థించను. మంచి డాక్టరు తన పరువును రోగి కంటే ఒక మెట్టు పైన పెడితే ఎలా ఉంటుందో ఆయన దగ్గర చూశాను, ఆ మెట్టు నేనూ ఎక్కాను.

ఆ ప్రొటీన్ పరీక్ష మా దగ్గర లేదు. దానికి మైనం దిమ్మను చెన్నై పంపేవాళ్లం. దాంతోపాటు ఒక ఫారం ఉంటుంది. అందులో ఒక గడి: ముక్కను ఏ ద్రవంలో ఉంచారు, ఎంతసేపు? ముక్క తీయగానే ఫార్మలిన్‌లో వేస్తే కణాలు ఎలా ఉన్నవి అలా నిలబడతాయి కాబట్టి ఆ ప్రశ్న. మొదట్లో ముక్క తెచ్చినవాళ్లను అడిగి రాసేదాన్ని. తర్వాత చూస్తే ప్రతి ఫారంలో ఒకటే జవాబు: ఫార్మలిన్, ఒక రోజు. ఇక అడగడం ఎందుకని శనివారం మధ్యాహ్నాలు ఖాళీగా ఉన్నప్పుడు ఒక కట్ట ఫారాలు తీసి, ఆ గడి ముందే నింపి పెట్టుకునేదాన్ని. రూతమ్మ చేతిలో పని చకచకా తెముల్తుందని అందరూ మెచ్చుకున్నారు. నేను కూడా చాలా మురిసిపోయాను.

పారబోసిన మందునీళ్లు

సులోచన వరికుంటపాడు దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో టీచరు. భర్త ఏసురత్నం మెట్ట సేద్యం చేసేవాడు. ఆమె రొమ్ములో గడ్డ కనపడితే ఉదయగిరిలో ఒక చిన్న నర్సింగ్ హోములో ముక్క తీసి, ఫార్మలిన్ సీసాలో వేసి ఏసురత్నం చేతికిచ్చారు. పొద్దున్నే బస్సెక్కినవాడు, దారిలో టైరు పేలి బస్సు ఆగిపోవడంతో సాయంత్రానికి మా ల్యాబుకు వచ్చాడు.

"అమ్మా, ముక్క తెచ్చినాను. కదలకుండా తెచ్చినా" అని సీసా బల్ల మీద పెట్టాడు.

మూత తీశాను. ఘాటు రాలేదు. ముక్క ముడుచుకుని నల్లబడి ఉంది. "ఇందులో మందునీళ్లు ఏమైనాయి?" అని అడిగాను.

"అది మూత సందులోంచి కారి బస్సంతా వాసన కొట్టిందమ్మా. ఒక బిడ్డ వాంతి జేసుకునింది. అందరూ నా మీద పడినారు. కండక్టరు దిగిపొమ్మన్నాడు. అందుకని కిటికీలోంచి పారబోసినా. బస్సు ఆగినకాడ హోటల్లో ఉప్పు అడిగి, నీళ్లల్లో కలిపి బోసినా. గట్టిగానే కలిపినాలే. ఉప్పుకండం ఏడాదైనా చెడదు గదా, ఇది ఒక పూట చెడతాదా?"

మా వైపు క్రిస్మస్‌కు పొట్టేలును కోస్తే మిగిలిన మాంసానికి ఉప్పు పట్టించి, దండెం మీద ఎండబెట్టి దాచుకుంటాం. అదే ఉప్పుకండం. ఆ లెక్కన ఆయన తెలివిగానే చేశాడు. మాంసం చెడకుండా తెచ్చానన్న ధీమా ఆయన మొహంలో కనిపించింది. నేను నవ్వు ఆపుకుని, ముక్కను ఫార్మలిన్‌లోకి మార్చి, లోపలికెళ్లి పెద్ద డాక్టరు గారికి చెప్పాను.

"కణాలు కనపడతాయా?" అన్నారాయన.

"కనపడతాయి సార్."

"మరింకేం."

కణాలు కనపడ్డాయి. కేన్సర్ అని రిపోర్టు ఇచ్చారు. అది తప్పేమీ కాదు. దిమ్మను చెన్నై పంపేటప్పుడు కట్టలోంచి ఒక ఫారం తీశాను. గడిలో "ఫార్మలిన్, ఒక రోజు" అని నా చేతిరాతే ఉంది. పెన్ను కూడా చేతిలోనే ఉంది. దాన్ని కొట్టేసి ఉప్పునీళ్లు అని రాస్తే చెన్నైవాళ్లు ఫోన్ చేస్తారు, పెద్ద డాక్టరు గారు విసుక్కుంటారు, ఆమెకు ఇంకో ముక్క తీయమంటారు, నేను మళ్లీ మొదట్నుంచి కోయాలి. ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి నాకు తోచాయి. తోచలేదని చెబితే అబద్ధమవుతుంది. ఫారం మడిచి కవర్లో పెట్టి అంటించాను.

చెన్నై నుంచి జవాబు వచ్చింది. ఆ ప్రొటీన్ లేదు. ప్రొటీన్ లేదు కాబట్టి ఆ మందు లేదు. నెల్లూరులో ఆమెకు రొమ్ము తీసేసి, మామూలు కీమో ఇచ్చారు. తలకు గుడ్డ కట్టుకుని ఆమె మళ్లీ బడికి వెళ్లింది.

భోజనాల దగ్గర

ఏడాదిన్నర తర్వాత చెన్నైలో టెక్నీషియన్లకు రెండు రోజుల శిక్షణ పెట్టారు. అప్పటికి పెద్ద డాక్టరు గారి చూపు మందగించి, ఉదయగిరి అమ్మాయి డాక్టర్ హసీనా మా ల్యాబుకు వచ్చింది. ఆమే నన్ను పంపింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరూ తమ ఊళ్ల కథలు చెబుతుంటే నేను నా కథ ఎత్తుకున్నాను. ఏసురత్నం గొంతు అనుకరిస్తూ ఉప్పుకండం దాకా వచ్చేసరికి బల్లంతా పగలబడి నవ్వింది. పొద్దున మాకు పాఠం చెప్పిన ప్రొఫెసరమ్మ ఒక్కతే నవ్వలేదు. ఆమెది చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబం.

"ఆ పేషెంటుకు ప్రొటీన్ పరీక్ష చేయించారా?" అని అడిగింది.

"చేయించామండి."

"ఏమొచ్చింది?"

"నెగటివ్" అన్నాను. అన్నాకే ఆ మాటలో ఏముందో నాకు తట్టింది.

ఆమె కోప్పడలేదు. కణం ఆకారం ఎంత పాడైనా కొంత మిగులుతుందని, పైనున్న ప్రొటీన్ నాజూకైనదని, కావలసినంత సేపు ఫార్మలిన్‌లో ఉండకపోతే అది నశించిపోవచ్చని, అప్పుడు రంగు పట్టదని ఓపిగ్గా చెప్పింది. "ముక్కలో లేదంటే మనిషిలో లేదని కాదమ్మా" అంది. పక్కన ఎవరో పెరుగు అడిగారు, నేను గిన్నె అందించాను. ఆ రాత్రి హాస్టల్ గదిలో ఏడ్చాను. ఎన్ని పెళ్లిళ్లలో, ఎన్ని పుట్టినరోజుల్లో ఈ కథ చెప్పి నవ్వించానో లెక్కేసుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

తిరిగొచ్చి పెద్ద డాక్టరు గారికి చెబితే, "ఏడాదిన్నర అయింది. ఇప్పుడు తవ్వి ఏం చేస్తావు?" అన్నారు. హసీనా డాక్టరమ్మ మాత్రం "ముందు ఆమె ఎట్లుండాదో కనుక్కో రూతక్కా" అంది. ఫోన్ చేస్తే సులోచనే ఎత్తింది. చంకలో మళ్లీ గడ్డ తేలింది. వచ్చే వారం నెల్లూరులో కొత్త కీమో మొదలుపెడుతున్నారు. మళ్లీ ముక్క తీసి చూడరా అని అడిగితే, "పాత రిపోర్టు ఉండాది గదా, ఇంకెందుకు అన్నాడు డాక్టరు" అంది. ఆ పాత రిపోర్టు కింద ఉన్నది నేను శనివారం మధ్యాహ్నం రాసి పెట్టుకున్న గడి. ఆమెకు పనిచేసే మందు ఉందో లేదో ఇక దాని మీదే తేలిపోబోతోంది.

బడి వరండాలో

ఫోన్లో చెప్పే మాట కాదు కాబట్టి మర్నాడు బస్సెక్కి వాళ్ల బడికి వెళ్లాను. లోపల పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. వరండాలో నిలబడే మొత్తం చెప్పాను.

"ఉప్పు సంగతి ఆ పొద్దే తెలుసా అక్కా మీకు?" అంది సులోచన.

"తెలుసు."

"తెలిసి గూడా ఫార్మలిన్ అని పంపినారు."

"ముందే నింపి పెట్టుకున్న ఫారం. కొట్టేసి రాయలేదు."

ఆమె లోపలికి ఒకసారి చూసింది. "మా పిల్లోళ్లు గూడా అంతే. లెక్క జెయ్యకుండానే ముందు జవాబు రాసి పెట్టుకుంటారు. నేను చెయ్యి జాపమని స్కేలుతో కొడతాను. మిమ్మల్ని ఏం జెయ్యాల?"

కొట్టినా బాగుండేదనిపించింది. ఆమే మళ్లీ అడిగింది.

"ఇప్పుడు ఇంకో ముక్క తీస్తే ఆ మందు వస్తాదా?"

"రావచ్చు, రాకపోవచ్చు. తీస్తేనే తెలుస్తుంది."

"తీయించుకుంటా. కానీ ఉప్పు మాట మా ఆయనకి జెప్పొద్దు. నేను ఉన్నా పోయినా ఆ మాట పెట్టుకుని ఆయన బతకలేడు. పాత ముక్క మీ దగ్గరే చెడిందని జెప్పండి."

సరేనన్నాను. హసీనా డాక్టరమ్మ నెల్లూరు డాక్టరుకు, పాత పరీక్షను నమ్మలేమని ఒక ఉత్తరం రాసింది. మా ల్యాబు నుంచి అలాంటి కాగితం వెళ్లడం అదే మొదటిసారి. పెద్ద డాక్టరు గారు నాతో నెలల తరబడి మాట్లాడలేదు.

ముక్క ఉదయగిరిలోనే తీశారు. నేనే వచ్చి తీసుకుంటానంటే ఏసురత్నం ఒప్పుకోలేదు. మందునీళ్లు పారబోయొద్దని ఆయనకు మూడుసార్లు ఫోన్ చేశాను. వాసన లోపలివాళ్లకు తగలకుండా ఆయన దారి పొడుగునా బస్సు మెట్టు మీదే, గాలికి ఎదురుగా సీసా పట్టుకుని నిలబడి వచ్చాడు. కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. సీసా మాత్రం నిండుగా ఉంది. ముక్క తీసిన గంట, మా బల్ల మీదికి వచ్చిన గంట అడిగి రాసుకున్నాను.

ఈసారి ప్రొటీన్ ఉంది. కొంచెం కాదు, ప్రతి కణం చుట్టూ గోధుమరంగు గీత గీసినట్టు ఉందని చెన్నైవాళ్లు రాశారు. నాకు సంతోషం వేసింది, ఆ వెంటనే పోయిన ఏడాదిన్నర గుర్తొచ్చింది. సులోచనకు ఆ మందు మొదలైంది. కొన్ని నెలల్లో చంకలో గడ్డ చేతికి తగలకుండా పోయింది.

జబ్బు స్వభావం

ఇక్కడ కథలో సైన్సు మళ్లీ వస్తుంది. నెల్లూరు డాక్టరు చురుకైనవాడు. ఒక సమావేశంలో ఈ కేసును తెర మీద చూపించాడు. మొదటి ముక్కలో ప్రొటీన్ లేదు, రెండోదాంట్లో ఉంది, కాబట్టి కేన్సర్ తన స్వభావాన్ని మార్చుకుంది, అందుకే జబ్బు తిరిగొచ్చినప్పుడల్లా మళ్లీ పరీక్షించాలి అని చెప్పాడు. చప్పట్లు కొట్టారు. ఆయన చేసిన సూచన నూటికి నూరుపాళ్లు మంచిదే. కేన్సర్ అలా మారే మాట కూడా నిజమే, దాని మీద ఎంతో పరిశోధన జరుగుతోంది. తర్వాత నేను వెళ్లి ఉప్పు సంగతి చెబితే మర్యాదగా విన్నాడు.

"అమ్మా, డాక్టరమ్మ ఉత్తరం చూశాను. కానీ మీరు చెప్పేది ఒక కథ. నా దగ్గర ఉన్నది స్లైడు" అన్నాడు.

ఆ స్లైడుకు దిమ్మ చేసిన చెయ్యి ఆయన ఎదురుగానే ఉంది. పెద్ద డాక్టరు గారికి ఈ సంగతి తెలిసి పండగ చేసుకున్నారు. "చూశావా, జబ్బే మారింది. నీ తప్పేం లేదు, నా తప్పేం లేదు" అని మళ్లీ నాతో మాట్లాడటం మొదలుపెట్టారు. నిజం చెప్పాలంటే వాళ్లిద్దరి మాట తప్పని నేను రుజువు చేయలేను. ఉప్పు చేసిందో, జబ్బు చేసిందో తేల్చే దారి నేను ఆ కవరు అంటించినప్పుడే పోయింది. పిల్లలూ, మీ చేతికి రాబోయే యంత్రాలు మా వాటికంటే వందరెట్లు మేలైనవి. మీరు గడిలో ఏం రాస్తే అవి దాన్నే నమ్ముతాయి. ముక్క తెచ్చిన మనిషిని అడగండి, చెప్పింది రాయండి, బాగాలేకపోతే బాగాలేదని రాయండి. మీ డాక్టరు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఏసురత్నం అడిగింది

సులోచన ఇంకో నాలుగేళ్లు బడిలో పాఠం చెప్పింది. తర్వాత జబ్బు తలలోకి పాకింది. ఆ మందు మెదడు దాకా సరిగ్గా పోలేదు. పోయిన వానాకాలంలో చనిపోయింది. సమాధి దగ్గర నేను వెనక వరసలో నిలబడ్డాను.

నెల తర్వాత ఏసురత్నం ఆత్మకూరులో మా ఇంటికి వచ్చాడు. నేను అప్పటికి రిటైరయ్యాను. కాఫీ ఇస్తే తాగకుండా పక్కన పెట్టాడు.

"అమ్మా, రెండోసారి ముక్క తెచ్చేటప్పుడు మందునీళ్లు పారబోయొద్దని మూడు మాట్లు ఫోన్ జేసినావు. మొదటి ముక్కను చెరిచింది నా ఉప్పేనని ఆ పొద్దే నాకు తెలిసిపోయింది. ఆమెను అడగలేకపోయినా. ఆమేమో నాకు తెలీదనుకునింది. నాలుగేళ్లు ఒకరి దగ్గర ఒకరం దాచుకున్నాం."

నా దగ్గర సిద్ధంగా ఉన్న మాట ఒకటుంది. అదే తీశాను. "జబ్బే మారి ఉండొచ్చు నాయనా. నెల్లూరు డాక్టరు పెద్ద సభలో అదే చెప్పినాడు."

"డాక్టరు పెద్దోడేలే. ఆయన ఆ బస్సులో లేడు గదా" అన్నాడు. "నేను ఉప్పు బొయ్యకుండా ఉంటే ఇంకొన్నాళ్లు ఉండేదా?"

"తెలీదు. ఎవరికీ తెలీదు. నువ్వు ఉప్పు బోసినావని నేను కాయితం మీద రాసి ఉంటే ఆ వారమే ఇంకో ముక్క తీసేవాళ్లు. అది మాత్రం తెలుసు. నువ్వు వచ్చీ రాగానే నాకు జెప్పినావు. నేనే రాయలేదు."

తిడతాడని ఎదురుచూశాను.

"అయితే ఆ బస్సులో నువ్వు గూడా ఉన్నావన్నమాట" అన్నాడు. చల్లారిన కాఫీ తాగి, చెప్పులేసుకుని, నడుచుకుంటూ బస్టాండు వైపు వెళ్లిపోయాడు.